ఉంగరం లేని శకుంతల

నన్నయ శకుంతలకు ఉంగరం లేదు. పండితులకు ఇది పాత సంగతే. కామర్సు చదివి, ముప్పయ్యేళ్ళుగా బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్న నాకు మాత్రం ఇన్నాళ్ళూ పట్టలేదు. నాటకాల్లో, కేలెండరు బొమ్మల్లో చూసిన ఉంగరం భారతంలోనూ ఉందనే అనుకుంటూ వచ్చాను. నిరుడు కాశీపూర్‌లో మా మేనకోడలి వీసా ఫైలు కడుతున్న రోజుల్లో, ఎందుకో ఆ కథ మనసులో మెదిలి, ఆదిపర్వం తీసి చదివాను. అప్పుడు తెలిసింది.

ముందు ఫైలు సంగతి చెప్పాలి. అల్లుడు అమెరికా పౌరుడు. భార్యను తీసుకువెళ్ళడానికి ఐ-130 అనే దరఖాస్తు పెట్టాడు. పెళ్ళి జరిగిందని చూపితే చాలదు, అది వీసా కోసం చేసుకున్నది కాదని కూడా చూపాలి. ఇద్దరి పేర ఉన్న ఆస్తో అద్దె ఒప్పందమో, కలిపి నడిపే ఖాతాలో, పిల్లల జనన పత్రాలో, ఎరిగినవాళ్ళ ప్రమాణ పత్రాలో కావాలంటారు. పెళ్ళయ్యాక మూడు వారాలు మాత్రమే కలిసి ఉన్న జంటకు ఇవన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయి? శుభలేఖ తెలుగులో ఉంది. దానికి ఇంగ్లీషు అనువాదం, ఆ అనువాదానికి మళ్ళీ ధ్రువీకరణ. ఇంటిపేరు శుభలేఖలో ముందు, స్కూలు సర్టిఫికెట్టులో వెనక. ఒడిశాలో ఉన్న మన ఇళ్ళన్నిటికీ తెలిసిన గొడవే ఇది. ఇంతా చేసి, వీసా వచ్చాక కూడా అయిపోదు. అక్కడ స్థిరనివాసం దొరికేనాటికి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే, 1986 నాటి చట్టం ప్రకారం అది రెండేళ్ళ షరతు మీదే ఇస్తారు. తర్వాత మళ్ళీ రుజువులు.

పిల్ల విసిగిపోయి, "మావయ్యా, మీ బ్యాంకులో జాయింటు ఖాతా ఒకటి తెరిచేస్తే సరిపోదా?" అంది. తెరవొచ్చు. అలా తెరిచి, పని అయ్యాక ఎవరూ ముట్టని ఖాతాలు నేను చాలానే చూశాను.

ఇక నన్నయ దగ్గరికి వస్తాను. దుష్యంతుడి సభకు వచ్చిన శకుంతల చేతిలో రుజువంటూ ఏమీ లేదు. పక్కన కొడుకు ఉన్నాడు, అంతే. కణ్వాశ్రమంలో జరిగిన గాంధర్వ వివాహానికి సాక్షులు లేరు. రాజుకు అంతా గుర్తుంది; గుర్తుండే ఎరగనంటాడు. ఆమె తెలిసీ తెలియనట్టు మాట్లాడతావేమని నిలదీస్తుంది. కొడుకును కౌగిలించుకోవడంలోని సుఖం గురించి, సత్యం గురించి సభలో చెబుతుంది. ఆకాశవాణి పలికిన తర్వాత గాని రాజు నోరు విప్పడు. ఈ పెళ్ళి తామిద్దరికీ తప్ప ఇతరులకు తెలియదనీ, లోకానికి వెరచే అలా అన్నాననీ అప్పుడు చెబుతాడు.

ఈ సమాధానం చదివి చాలామందికి కోపం వస్తుంది. నాకు మాత్రం సిగ్గు వేసింది. 2009లో ఒక కోదు మనిషి చనిపోతే, అతని భార్య నా కౌంటరుకు వచ్చింది. ఖాతాకు నామినీ లేడు. సంత రోజున మొగుడూ పెళ్ళాం కలిసి వచ్చి డబ్బు వేసుకుపోవడం నేను ఏళ్ళ తరబడి చూసినవాణ్ణే. అయినా పెళ్ళికి రుజువు తెమ్మన్నాను. ఎక్కణ్ణుంచి తెస్తుంది? హిందూ వివాహ చట్టం, 1955లోని రెండో సెక్షను ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. వాళ్ళ పెళ్ళి వాళ్ళ కట్టు ప్రకారం, ఊరంతా చూస్తుండగా జరిగింది. ఆమెకు వచ్చింది కుయి, నా ఫారం ఇంగ్లీషు, మధ్యలో నాకొచ్చిన అరకొర ఒడియా. పక్కన ఏడెనిమిదేళ్ళ కుర్రాడు. ఆమె నన్ను నిలదీయలేదు. తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగి, ఎనిమిది నెలలకు వారసత్వ పత్రం తెచ్చి, వేలిముద్ర వేసి వెళ్ళింది. మరెవరికీ తెలియదన్న సాకైనా దుష్యంతుడికి ఉంది. నాకు అదీ లేదు.

కాళిదాసు ఈ కథలోకి దుర్వాసుడి శాపాన్నీ, పేరు చెక్కిన ఉంగరాన్నీ తెచ్చాడు. దానివల్ల నాయకుడి శీలం నిలబడిందని విమర్శకులు మెచ్చుకుంటారు. నాకు ఒప్పుదల కాదు. రాజు నిర్దోషి అయ్యేసరికి నేరం ఎవరి మీద పడింది? శచీతీర్థంలో ఉంగరం జారవిడుచుకున్న ఆడపిల్ల మీద. కాగితం పోగొట్టుకున్నవాడిదే తప్పనే న్యాయం మా బ్యాంకుల్లో రోజూ నడుస్తూనే ఉంటుంది. పైగా ఆ ఉంగరం చేప కడుపులోంచి బయటపడేది ఆమె వెళ్ళిపోయాక.

అసలు ఉంగరం ఏం రుజువు చేస్తుంది? మన విజయనగరం గురజాడనే అడగవచ్చు. కన్యాశుల్కంలో కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టి లుబ్ధావధాన్లకు అంటగడతాడు. పెళ్ళి జరిగింది, సొమ్ము చేతులు మారింది, చూసినవాళ్ళున్నారు. లేనిదల్లా పెళ్ళికూతురే! ఫైలు కడితే ఆ పెళ్ళి నెగ్గుతుంది, శకుంతల పెళ్ళి ఓడిపోతుంది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో, వివాహ విధి జరగకుండా రిజిస్ట్రేషను కాగితం ఒక్కటే హిందూ వివాహం కాజాలదంది. విదేశాలకు దరఖాస్తు పెట్టుకునే తొందరలో, వేడుకకు ముందే రిజిస్ట్రేషనుకు ఒప్పుకుంటున్న తల్లిదండ్రుల ప్రస్తావన కూడా ఆ తీర్పులో ఉంది.

అయినా కాళిదాసుకు నేను దణ్ణం పెట్టే చోటు ఒకటుంది. అయిదో అంకంలో ఉంగరం వేలికి లేదని తెలిశాక, శకుంతల ఒక జింకపిల్ల ముచ్చట చెబుతుంది. దాని పేరు దీర్ఘాపాంగుడు. తామరాకు దొన్నెలో నీళ్ళు రాజు పట్టితే అది తాగలేదు, ఆమె పట్టితే తాగింది. మీరిద్దరూ అడవివాళ్ళేగా అని అప్పుడు ఆయన నవ్వాడు. ఏ కోర్టూ పట్టించుకోని సాక్ష్యం. రాజు కూడా ఆడవాళ్ళ మాయమాటలని కొట్టిపారేశాడు. కాని ఆ నాటకం మొత్తంలో వాళ్ళిద్దరూ ఆలుమగలని నాకు నమ్మకం కలిగించింది ఆ నీళ్ళ దొన్నె. పెళ్ళి వీసా ఇంటర్వ్యూల్లో మొదటిసారి ఎక్కడ కలిశారు, ఏం తిన్నారు అని అడిగేది కూడా ఈ జింకపిల్ల కోసమే అనుకుంటాను. దుష్యంతుడి కంటే ఆ అధికారి నయం. అతనికి నిజంగానే తెలియదు, తెలుసుకోవడానికే అడుగుతున్నాడు.

జాయింటు ఖాతా తెరవలేదు. ఎరిగినవాడిగా నా ప్రమాణ పత్రం మాత్రం నేనే రాశాను. వీరిది నిజమైన వివాహమని నాకు తెలుసును అనే మామూలు వాక్యం తర్వాత ఇంకో పేరా పెట్టాను. పెళ్ళయిన నాలుగో రోజు పొద్దున్న అల్లుడికి చోడంబలి ఇచ్చారు. ఒక్క గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు. అత్తగారు చూస్తారేమోనని పిల్ల గబుక్కున గ్లాసు లాక్కుని మిగతాది తాను తాగేసింది. తర్వాత ఇద్దరూ పెరట్లోకి పోయి నవ్వుకున్నారు. ఇది నేను కళ్ళారా చూశాను.

వకీలు ఆ పేరా అనవసరమన్నాడు. నేను తీసెయ్యలేదు.