మూట బరువు: స్త్రీల కొండయాత్రా రచనలు

స్త్రీలు జట్టుగా కొండలెక్కి వచ్చి రాసే వ్యాసాలు ఈ మధ్య తెలుగులో తరచుగా కనిపిస్తున్నాయి. ఇది సంతోషించవలసిన విషయమే. కాని అటువంటివి పది చదివినవారికి పదకొండోది చదవనక్కరలేదనిపిస్తుంది. తెల్లవారుజామున ప్రయాణం, చలి, మంచు, పూలు, ఎదురుగా ఒక మహాశిఖరం, చివరకు “చాలా అలసిపోయాం గాని ఎంతో ఆనందించాం” అనే వాక్యం. మాటలు అటూ ఇటూ మారినా వ్యాసం ముగిసేది ఈ వాక్యంతోనే.

నా విమర్శ ఆ వాక్యంలోని “గాని” అన్న మాట మీద. ఆ మాట అలసటను ఒక పక్కకూ ఆనందాన్ని మరొక పక్కకూ నెట్టి మధ్య గోడ కడుతున్నది. అలసట ఆనందానికి చెల్లించిన వెల అయినట్టూ, వెల చెల్లించేశాం కనక ఇక దాని ఊసు అక్కరలేనట్టూ రచయిత్రి ముందుకు సాగిపోతుంది. నిజానికి ఇటువంటి యాత్రలో చెప్పవలసిన విషయమంతా ఆ అలసటలోనే ఉన్నది.

మన సాహిత్యంలో స్త్రీ అలసట కొత్త వస్తువు కాదు. పొయ్యి ముందు అలసిన ఇల్లాలు, నాట్లు వేసి నడుము పట్టేసిన కూలిమనిషి, మైలు దూరం నుంచి బిందె మోసుకొచ్చే పిల్ల, వీరందరూ మన కథల్లో ఉన్నారు, ఉండవలసిన వారే. ఆ అలసటకు ఒక లక్షణం ఉంది. దాన్ని వారు కోరుకోలేదు. దాని ఫలితం వారిది కాదు. ఎప్పుడు ఆపాలో నిర్ణయించే హక్కు కూడా వారికి లేదు. సంచీ వీపున వేసుకుని కొండదారిన నడిచే స్త్రీ అలసట వేరు. దాన్ని ఆమె కోరి తెచ్చుకున్నది. ఎక్కడ ఆగాలో తోటివారితో మాట్లాడి తేల్చుకుంటుంది. పడిన శ్రమకు ప్రతిఫలంగా దొరికేదేదో ఆమెకే దొరుకుతుంది. కండరాలు అవే, చెమట అదే, సంబంధం మారింది. శ్రమలోని సంబంధం మారితే అనుభవమే మారుతుందన్నది అభ్యుదయ విమర్శకు పాత సూత్రం. దానికి ఇంత తేటైన ఉదాహరణ చేతికి దొరికినప్పుడు రచయిత్రి దాన్ని ఒక్క “గాని” కింద కప్పేయడం సాహిత్యానికి నష్టం.

ఈ నష్టం ఎంతటిదో తెలియాలంటే మన యాత్రల చరిత్రను కొంచెం తలచుకోవాలి. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీకి వెళ్లి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. తెలుగు యాత్రారచనకు అది మూలస్తంభం. ఆ యాత్ర పల్లకీలో, పెద్ద పరివారంతో జరిగింది. అంటే యాత్రారచన మనకు పుట్టినప్పుడే, చూసే కన్ను ఒకరిదీ మోసే భుజం మరొకరిదీ అయింది. ఇక స్త్రీలు గుంపుగా నడవడం మనకు ఎన్నడూ లేనిది కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరే స్త్రీలు ఈనాటికీ వేలల్లో ఉన్నారు. శివరాత్రికి నల్లమల అడవి దాటి శ్రీశైలం నడిచి వెళ్లేవారిలో ముసలమ్మలూ ఉంటారు. పాటలు, పరాచికాలు, కాళ్లనొప్పులు, ఒకరి కాళ్లు ఒకరు పట్టడం అన్నీ అక్కడా ఉంటాయి. అయితే ఆ నడకకు ఇల్లు అనుమతి ఇచ్చింది ఎందుకు? దారి చివర దేవుడున్నాడు కనక. దేవుడు లేని దారిన, మొక్కు లేకుండా, కేవలం నడవాలని ఉన్నదని స్త్రీ నడిస్తే దాన్ని ఏమనాలో మన ఇళ్లకు ఇంకా తెలియదు. ఈ వ్యాసాల్లో ఉన్న అసలైన కొత్తదనం ఇదే. దురదృష్టమేమంటే, రాసేవారు ఖాళీ అయిన దేవుడి స్థానంలో శిఖరాన్ని కూర్చోబెట్టి దానికి సాష్టాంగపడుతున్నారు.

దీన్ని గాలిలో చెప్పకుండా ఒక ఉదాహరణతో చెబుతాను. నేను తొమ్మిదిమంది స్త్రీలున్న ఒక జట్టుతో ఏప్రిల్ నెలలో పశ్చిమబెంగాల్లోని సందక్‌ఫూకు నడిచి వెళ్లాను. ఆ తరువాత మాలో ముగ్గురు వ్యాసాలు రాశారు. ఒకే దారి, ఒకే ఎండ, ఒకే వాన. అందుచేత ఆ మూడింటినీ జరిగినదానితో పోల్చే అవకాశం నాకున్నది. విమర్శకులకు ఇది తరచుగా దొరికే సౌకర్యం కాదు.

సందక్‌ఫూ 3,636 మీటర్ల ఎత్తున, నేపాల్ సరిహద్దు మీద, సింగలీలా కొండవరసలో ఉంది. మానేభంజ్యాంగ్ నుంచి 30 కిలోమీటర్ల పైచిలుకు నడక. మొదటిరోజే చిత్రే దాకా నిటారు ఎక్కుడు. తరువాత మేఘ్మా, తోంగ్లూ. అక్కడినుంచి గైరీబాస్‌కు మోకాళ్లు అదిరే దిగుడు. మళ్లీ కాలీపోఖ్రీ దాకా ఎక్కుడు. చివర వికేభంజ్యాంగ్ నుంచి ఊపిరి తీసుకోనివ్వని నిలువు దారి. ఈ దారి పొడుగునా జీపులు నడుస్తాయి. డబ్బిస్తే కూర్చుని పైకి చేరవచ్చు. వాహనం వెళ్లే చోటికి నడిచి వెళ్లడమంటే, నడకే కావాలని కోరుకోవడమన్నమాట. కాబట్టి నేను చెబుతున్న విషయానికి ఇంతకంటె తగిన దారి లేదు.

మొదటి వ్యాసం వర్ణన. గురాస్‌పూల ఎరుపు, మబ్బుల తెలుపు, కాంచన్‌జంగ మీద ఉదయకాంతి. మేము పైన ఉన్న రెండు ఉదయాల్లో ఒక ఉదయం అరగంట సేపు కాంచన్‌జంగ కనిపించిన మాట నిజం. ఆ అరగంటకు వ్యాసంలో సగం పేజీలు పోయాయి. నాలుగు రోజుల నడకకు మిగిలినవి మూడు పేరాలు. ఈ రచయిత్రికి భాష ఉన్నది, చెవి ఉన్నది. లేనిదల్లా కాళ్లు. ఈ వర్ణన జీపులో వెళ్లినవారు కూడా రాయగలరు. నడిచినవారు మాత్రమే రాయగలిగింది ఇందులో ఏమున్నది అని అడిగితే జవాబు లేదు.

రెండవ వ్యాసం విజయగాథ. అందులో స్త్రీలు కొండను జయించారు, భయాన్ని జయించారు, సమాజాన్ని జయించారు. ఉద్దేశం మంచిదే. కాని జయించడమనే మాట ఎక్కడిదో ఆలోచించాలి. రాధానాథ్ సిక్దార్ 1852లో లెక్కగట్టి అత్యున్నతమని తేల్చిన శిఖరానికి 1865లో సర్వే అధికారి ఎవరెస్టు పేరు పెట్టిన పాలకుల భాష అది. అక్కడి జనం ఆ శిఖరాన్ని చోమోలుంగ్మా అని పిలుచుకుంటూనే ఉన్నారు. మేము నడిచిన దారిలో మనుషులు కాపురముంటున్నారు. పిల్లలు అదే దారిన బడికి వెళ్తున్నారు. వారి పెరటి మీదుగా వెళ్లి దాన్ని జయించామని చెప్పుకోవడం అసంగతం. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, జయించినవారికి అలసట ఉండకూడదు. కాబట్టి ఈ వ్యాసంలో ఎవరికీ కాళ్లు నొప్పి పుట్టలేదు.

మూడవ వ్యాసం మాలో పెద్దామె రాసింది. ఆమెకు 61 ఏళ్లు. రెండున్నర పేజీలు. అలంకారం లేదు. సాహిత్యమంటే మొదటిదే అనుకునేవారు దీన్ని డైరీ అని పక్కన పెడతారు. నా దృష్టిలో మూడింటిలో ఇదే రచన.

ఆమె మొట్టమొదట చెప్పేది తూకం గురించి. మానేభంజ్యాంగ్‌లో ఒక కొట్టువాడి కాటా మీద తొమ్మిది సంచీలూ తూచాం. అన్నిటికంటె తేలికది 7 కిలోలు, అన్నిటికంటె బరువైనది 11. ఒక లీటరు నీళ్లు ఒక కిలో అన్న సంగతి అందరికీ తెలుసు. అది వీపుకు తెలియడం వేరు. ఎవరు ఏం వదులుకున్నారో ఆమె రాసింది: ఒకరు రెండో చీర, ఒకరు ఆవకాయ సీసా, ఒకరు పుస్తకం. ఆవకాయను వదలలేక సీసాలోంచి తీసి ప్లాస్టిక్ సంచీలోకి మార్చిన వైనమూ, రెండోరోజుకు అది కారి తొమ్మిదిమంది బట్టలకూ ఆ వాసన పట్టడమూ చదువుతుంటే నవ్వు ఆగదు. వినోదం ఇక్కడ బరువులోంచే పుట్టింది. బరువును మరచిపోతే పుట్టలేదు.

తరువాత గైరీబాస్ దిగుడు. ఎక్కేటప్పుడు కష్టపడేది ఊపిరి, దిగేటప్పుడు కష్టపడేది తొడలూ మోకాళ్లూ. దిగుడులో కండరం సాగుతూనే శరీరం బరువును పట్టి ఆపాలి; అందుకే నొప్పి ఆ పూట కంటె మర్నాడు ఎక్కువ. ఆమె మోకాలు వాచింది. మిగతా ఎనిమిదిమందిమి ఆమెను అడగకుండానే ఆమె సంచీలోని సామాను పంచుకున్నాం. ఆమెకు కోపం వచ్చింది. జీవితమంతా అందరి బరువూ మోసిన తనకు తన బరువు మోసుకునే హక్కు లేదా అని ఆమె అడిగిన ప్రశ్న ఆ వ్యాసానికి గుండెకాయ. చివరకు తేలిన ఒప్పందం ఇది: ఆమె సంచీ ఆమెదే, అందులో సగం బరువు మాత్రమే ఉంటుంది, ముందు నడిచేది ఆమె, ఆమెను దాటి ఎవరూ పోకూడదు. ఆ రోజునుంచి జట్టు నడక ఆమె అడుగుల వేగంతో సాగింది. సాయానికీ జాలికీ ఉన్న తేడాను ఈ పేరా చెప్పినంత స్పష్టంగా చెప్పిన ఉపన్యాసాన్ని నేను వినలేదు.

మొదటి రెండు వ్యాసాల్లో లేని మనిషి ఒకడు ఇందులో ఉన్నాడు. మా వంటసామానూ, మందులూ మోసిన స్థానిక కూలీ. నుదుటికి పట్టీ తగిలించుకుని మా అందరికంటె ఎక్కువ బరువుతో మాకంటె ముందు చేరేవాడు. అతని కూలి ఎంతో, అతని బూట్లు ఎవరివో, వాన పడ్డరోజు అతను ఎక్కడ పడుకున్నాడో ఆమె రాసింది. తన అలసటను తూచి చూసుకున్న మనిషికే పక్కవాడి అలసట కనిపిస్తుంది. ఇది నీతిబోధ కాదు, రచనకు సంబంధించిన సత్యం. మొదటి రచయిత్రులకు అతను కనిపించకపోవడానికి కారణం కఠినహృదయం కాదు. సొంత మూటనే రాయనివారు పరాయి మూటను రాయలేరు.

ఈ మూడవ వ్యాసానికీ లోపం లేకపోలేదు. చివరి పేరాలో ఆమె పెళ్లిపందిట్లో మాదిరి అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటూ పోయింది. నెలసరి వచ్చిన పిల్ల మూడు రోజులు నడవడం, చాటు దొరకని గడ్డిదిబ్బల మీద తొమ్మిదిమందిమి శాలువలు అడ్డం పట్టుకోవడం ఆమె వదిలిపెట్టింది. మర్యాద అడ్డొచ్చి ఉంటుంది. స్త్రీల జట్టుకే ప్రత్యేకమైన ఐకమత్యం ఆ శాలువలో ఉన్నది. దాన్ని రాయకపోవడం లోటే.

ప్రపంచంలో స్త్రీల కొండయాత్రల చరిత్ర కూడా బరువును దాచని చరిత్రే. జపాన్‌లో జుంకో తబెయి 1969లో స్త్రీల పర్వతారోహణ సంఘం స్థాపించింది. డబ్బు అడగబోతే ఇంట్లో పిల్లల్ని పెంచుకోమన్నారు. కారు సీట్ల తొడుగులు కత్తిరించి సంచీలు కుట్టుకుని, 1975 మే 16న ఎవరెస్టు చేరిన మొదటి స్త్రీ అయింది. అమెరికా స్త్రీల జట్టు 1978లో అన్నపూర్ణకు వెళ్లింది. ఖర్చుల కోసం చొక్కాలు అమ్ముకున్నారు. అక్టోబరు 15న ఇద్దరు స్త్రీలు, ఇద్దరు షెర్పాలు 8,091 మీటర్ల శిఖరం చేరారు. రెండు రోజుల తరువాత మరో ఇద్దరు స్త్రీలు పడి మరణించారు. నాయకురాలు ఆర్లీన్ బ్లూమ్ 1980లో ప్రచురించిన పుస్తకం జట్టులోని తగాదాలను దాచలేదు కనకనే నిలిచింది. మన దేశంలో బచేంద్రీపాల్ నాయకత్వాన 1997లో ఎనిమిదిమంది స్త్రీలు అరుణాచల్ నుంచి సియాచిన్ దాకా 225 రోజుల్లో 4,500 కిలోమీటర్లు నడిచారు. మన పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని, 2014 మే 25న 14 ఏళ్లయినా నిండకుండా ఎవరెస్టు ఎక్కింది. వీటి పక్కన సందక్‌ఫూ నడక చాలా చిన్నది. చిన్నదైనందుకే మనకు ముఖ్యం. అసాధారణ స్త్రీ గురించి అందరూ రాస్తారు. బ్యాంకులో, బడిలో పనిచేసే మామూలు స్త్రీ సెలవుపెట్టి నాలుగు రోజులు నడిచి రావడం గురించి ఆమే రాయాలి.

మన మిత్రుల నుంచే ఒక ఆక్షేపణ వస్తుంది. కట్టెలమోపు మోసే స్త్రీలున్న దేశంలో, డబ్బు పెట్టి సంచీ మోసే మధ్యతరగతి సరదాకు అభ్యుదయ పత్రికలో చోటెందుకు? ప్రశ్న న్యాయమైనదే. కట్టెలమోపునూ వీపుసంచీనీ ఒకటిగా చూపే రచన అబద్ధం. కాని విరామం సంపన్నుల సొత్తు అని ఒప్పుకోవడం కూడా మన సంప్రదాయం కాదు. 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పని అడిగినప్పుడు, మిగిలిన గంటలు మనిషివని కూడా అడిగారు. ఆ గంటలు స్త్రీకి నేటికీ సరిగా దక్కలేదు. సందక్‌ఫూ పైన ఫోను పలికిన మొదటి క్షణాన తొమ్మిదిలో ఆరు ఫోన్లు మోగాయి. పప్పుడబ్బా ఎక్కడుందని ఒకరు, గ్యాసు అయిపోయిందని ఒకరు. మేమందరం నవ్వాం. ఆ నవ్వులో ఎంత బాధ ఉన్నదో రాయగలిగితే, సరదాయాత్ర అన్న ఆక్షేపణకు అదే సమాధానం.

కనక మన రచయిత్రులను నేను కోరేది పెద్దదేమీ కాదు. శిఖరాన్ని రెండు వాక్యాల్లో ముగించండి. అది ఎక్కడికీ పోదు. మీ సంచీ ఎన్ని కిలోలో, ఎవరు దాన్ని ఏ మలుపు దగ్గర అందుకున్నారో, మీరు ఎవరిది అందుకున్నారో, కూలికి మోసినవాడికి ఏమిచ్చారో రాయండి. ఎందుకు నవ్వారో రాయండి. అప్పుడు “అలసిపోయాం గాని ఆనందించాం” అని రాయవలసిన అవసరం ఉండదు. “అలసిపోయాం, ఆనందించాం” అంటే సరిపోతుంది.