నర్సమ్మ చేతులు

దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లె దవాఖానల్లో తొలిచూలు అమ్మాయిని పరీక్షించే ఏఎన్ఎం పనితనం ఎంత చూసినా తనివి తీరదు. ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చజేసుకుంటుంది. పొట్ట పైభాగం తడిమి, రెండు పక్కలా మెల్లగా ఒత్తి, బిడ్డ తల ఎటుందో, వీపు ఎటుందో పోల్చుకుంటుంది. టేపుతో కొలుస్తుంది, 20 వారాలు దాటాక సెంటీమీటర్లు ఇంచుమించు వారాలకు సరిపోవాలి. వీపు తగిలిన చోటే గుండె చప్పుడు వింటుంది. నిమిషానికి 110 నుంచి 160 దాకా ఉంటే దిగుల్లేదు. బీపీ 140/90కి చేరిందా, ఆ పూటే పెద్ద దవాఖానకు రాసిస్తుంది. చాలాసార్లు ఆ అవసరమే రాదు. "అంతా మంచిగనే ఉన్నది బిడ్డా" అని ఆమె అంటే, బయట కూర్చున్న అత్త మొహం కూడా తేటపడుతుంది. ఆ ధీమా ఏ మందుకూ తీసిపోదు. ఆపైన మెత్తగా ఒక గద్దింపు: "ఐరన్ గోళీ చాయ్‌తోని ఏసుకోకు, నిమ్మకాయ నీళ్లతోని ఏసుకో."