మొదలు వేరు, కొస వేరు

గ్లాసు నీళ్లలో ఒక వెంట్రుక వేసి చూడటం ఈ మధ్య మా ఆత్మకూరు ఆడపిల్లలకు సరదా అయింది. మునిగితే పోరాసిటీ ఎక్కువ, అంటే జుట్టు నీళ్లు తెగ పీలుస్తుందని, తేలితే తక్కువని. ఆ గ్లాసు మీద నాకు నమ్మకం లేదు. నిన్నటి నూనె కాస్త మిగిలినా వెంట్రుక తేలుతుంది. పైగా వేసిన ముక్క మొదట్లోదా, కొసదా అని ఎవరూ అడగరు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

పొడవాటి వెంట్రుక ఒకటి పట్టుకుని మొదలు నుంచి కొసకు వేళ్లు జార్చండి, నున్నగా జారతాయి. కొస నుంచి మొదలుకు లాగితే గరుకు తగులుతుంది. వెంట్రుక మీద పొలుసులు ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి, కొసవైపు వాలి ఉంటాయి మరి. అవి లేచిన చోట, విరిగిన చోట నీళ్లు లోపలికి జొరబడతాయి. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల జడ కొసకు ఐదేళ్ల వయసన్నమాట. ఐదు ఎండాకాలాలు, బోరు నీళ్లు, దువ్వెన పోట్లు అన్నీ చూసిందది. మొదట్లో ఉన్నది పోయిన నెల పుట్టింది. గుండు తర్వాత వచ్చే జుట్టు నిగనిగలాడేది ఇందుకే. దానికింకా ముసలి కొసలు లేవు. స్వామి మహిమ లేదని మాత్రం నేననను.

జుట్టు వ్యాపారులకు మొదలు, కొసల తేడా ఎప్పటినుంచో తెలుసు. తిరుమల తలనీలాల్లో మొదళ్లన్నీ ఒకవైపు ఉండేలా కట్టిన పొడవాటి జుట్టుకు మంచి ధర పలుకుతుంది. వీధుల్లో స్టీలు గిన్నెలకు మార్చుకునే చిక్కు వెంట్రుకల్లో మొదళ్లూ కొసలూ కలిసిపోతాయి. ఎదురెదురు పొలుసులు పెనవేసుకోకుండా యాసిడ్‌తో వాటిని తీసేసి, మెరుపుకు సిలికోన్ పూస్తారు. పూత పోయాక ఆ జుట్టుతో చేసిన సవరం ఎంత దువ్వినా చిక్కు వదలదు.

కాబట్టి జడంతటికీ ఒకే వైద్యం కుదరదు. మొదళ్ల దగ్గర జుట్టు నూనెను అంతగా తాగదు, ఎక్కువ పోస్తే పైన జిడ్డుగా నిలుస్తుంది. నూనె కావలసింది కొసలకు, అదీ తలస్నానానికి ముందు. 2003లో రేలే, మోహిలే అనే మన పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూస్తే, జుట్టులోంచి ప్రోటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. అది లోపలికి ఇంకుతుంది, వెంట్రుక నీళ్లకు ఉబ్బడాన్ని తగ్గిస్తుంది.

ఇక కుంకుళ్లు. నల్లమలలో చెంచులు ఏరుకొచ్చే కాయలు మనకు దగ్గర్లోనే దొరుకుతాయి. ఉప్పు నీళ్లలో సబ్బు విరిగిపోయి జుట్టుకు తెట్టులా అంటుకుంటుంది. కుంకుడు రసానికి ఆ బాధ లేదు. కానీ జిడ్డు తీయడంలో దానికి దయాదాక్షిణ్యాలు లేవు. కొసలను గుప్పిట్లో పట్టి రుద్దే అలవాటు మానాలి. రసం మాడుకు పట్టించి, కిందికి కారిన నురగతో కొసలను సరిపెట్టుకుంటే చాలు.

చీలిన కొసను అతికించే నూనె మాత్రం ఎక్కడా లేదు, సీసా మీద ఏం రాసున్నా సరే. అంగుళమో రెండంగుళాలో కత్తిరించాల్సిందే. మంగళ, శుక్రవారాల్లో ఇంట్లో పెద్దవాళ్లు కత్తెర పట్టనివ్వరు గనక బుధవారం చూసుకోండి.