'సెసమీ స్ట్రీట్' భవిష్యత్తు - అభిమానుల వాదం : ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

బాలల కోసం దశాబ్దాల తరబడి సాగే టెలివిజన్ కార్యక్రమానికి ఒక విచిత్రమైన స్థితి ఉంది. దాని ప్రేక్షకుడు మూడు నాలుగేళ్లలో దాన్ని దాటిపోతాడు. ఆ చోటికి మరొక పసివాడు వస్తాడు. దాటిపోయినవారు పెద్దవారై వెనుదిరిగి చూసి, ఆ కార్యక్రమం ఇకపై ఎటు సాగాలో చర్చిస్తారు. అప్పటికి వారు దాని ప్రేక్షకులు కారు. మరి ఆ చర్చలో ఎవరి పక్షాన ఎవరు మాట్లాడుతున్నట్లు? అమెరికాలో 1969 నవంబరు 10న ప్రారంభమైన 'సెసమీ స్ట్రీట్' ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

చూపే తీర్పు

జోన్ గాంజ్ కూనీ, లాయిడ్ మోరిసెట్ 1968లో నెలకొల్పిన 'చిల్డ్రన్స్ టెలివిజన్ వర్క్‌షాప్' ఈ కార్యక్రమాన్ని బడి ఈడుకు ముందున్న పిల్లల కోసం, ముఖ్యంగా పేద కుటుంబాల పిల్లల కోసం రూపొందించింది. కల్పననూ వాస్తవాన్నీ కలిపితే పిల్లలు తికమకపడతారన్న మనస్తత్వవేత్తల సలహా మేరకు, మొదట బొమ్మలను వీధి సన్నివేశాలకు దూరంగా ఉంచారు. 1969 వేసవిలో నమూనా భాగాలను పిల్లలకు చూపినప్పుడు, మనుషులు మాత్రమే ఉన్న వీధి సన్నివేశాలు రాగానే వారి దృష్టి చెదిరింది. దానితో జిమ్ హెన్సన్ బృందం సృష్టించిన బిగ్ బర్డ్, ఆస్కర్ ఆ వీధిలోనే కాపురం పెట్టాయి.

పరిశోధకులు టెలివిజన్ పక్కనే మారుతూ ఉండే చిత్రాలను ప్రదర్శించి, పిల్లవాడి చూపు ఎప్పుడు పక్కకు మళ్లుతుందో నమోదు చేసేవారు. పిల్లవాడు వాదించడు, చూపు తిప్పుకొంటాడు. ఈ కార్యక్రమ స్వరూపాన్ని మొదట నిర్ణయించినది ఆ మాటలేని తీర్పే. అభిమానుల చర్చను తూచవలసిన తక్కెడ కూడా అదే.

జ్ఞాపకం చేసే వాదం

అభిమానుల ఆక్షేపణల్లో అధికభాగం పోయినదాని గురించే. గంటసేపు సాగిన కార్యక్రమం అరగంటకు కుదించుకుపోయిందని, ఎల్మో అనే ఎర్రబొమ్మ పాత పాత్రలను పక్కకు నెట్టిందని వారి బాధ. 2016లో బాబ్ మెక్‌గ్రాత్, ఎమిలియో డెల్గాడో, రాస్కో ఆర్మన్ ఇకపై క్రమంగా కనిపించరని తెలిసినప్పుడు నిరసన వెల్లువెత్తింది. మెక్‌గ్రాత్ ప్రారంభం నుంచీ, మిగిలిన ఇద్దరూ 1970ల నుంచీ ఆ వీధి మనుషులు.

రసానుభవానికి సహృదయుని హృదయంలో ముందే నెలకొన్న వాసనలు మూలమని మన ఆలంకారికులు చెప్పారు. ఇక్కడి విశేషం ఏమంటే, అభిమాని హృదయంలో ఆ వాసనలను నాటినది ఈ కార్యక్రమమే. కనుక ఒక పాత్ర తొలగితే అతనికి తన బాల్యంలో ఒక భాగం తొలగినట్లే ఉంటుంది. ఆ వేదన నిజమైనదే. అయితే నేటి నాలుగేళ్ల పిల్లవాడికి ఆ వాసన లేదు.

నిర్మాణ సంస్థ ఈ అంతరాన్ని గుర్తించింది. 1969-74 నాటి భాగాలను 2006లో డీవీడీలుగా విడుదల చేస్తూ, అవి పెద్దల కోసమని, నేటి పసిపిల్లల అవసరాలకు సరిపడకపోవచ్చని హెచ్చరిక చేర్చింది. పిల్లల కోసం పుట్టిన కృతి మూడున్నర దశాబ్దాల్లో పెద్దల కృతి అయింది. బాలసాహిత్యం పెద్దలు తమ అవసరానికి కల్పించుకొన్న 'బాలుని' చుట్టూ అల్లుకొంటుందని జాక్వెలిన్ రోజ్ 1984లో 'పీటర్ పాన్' ఆధారంగా చేసిన వాదం ఇక్కడ స్మరణీయం. అభిమానులు ఇచ్చినదాన్ని పుచ్చుకొని ఊరుకోక, కృతిని తమదిగా మలచుకొనే క్రియాశీల పాఠకులని హెన్రీ జెంకిన్స్ 1992లో 'టెక్స్చువల్ పోచర్స్'లో నిరూపించాడు. అది పెద్దల కృతుల విషయంలో చెల్లినంతగా ఇక్కడ చెల్లదు. ఒకరు తమదిగా మలచుకొంటున్నది మరొకరి కోసం ఉద్దేశించినది.

మార్పు విలువ

పాతదే ఉత్తమమన్న వాదాన్ని ఈ కార్యక్రమ చరిత్రే నిలువనీయదు. స్నఫల్‌ఉపగస్ అనే పాత్ర చాలాకాలం బిగ్ బర్డ్‌కు తప్ప పెద్దలెవరికీ కనిపించేది కాదు. ఆ హాస్యాన్ని 1985లో విడిచిపెట్టారు. తాము చెప్పే నిజాన్ని పెద్దలు నమ్మరన్న భావం పిల్లల్లో బలపడితే, తమపై జరిగే అత్యాచారాలను కూడా వారు చెప్పుకోలేరన్న ఆందోళన దానికి కారణం. హూపర్ పాత్రధారి విల్ లీ 1982లో మరణించినప్పుడు మరొక నటుణ్ణి తేకుండా, 1983లో ఆ మరణాన్నే కథావస్తువుగా చేసి పిల్లలకు చెప్పారు. ఆప్తుడు తిరిగిరాడన్న సత్యాన్ని పసివాడికి చెప్పగలిగిన కార్యక్రమం, ఎదిగిన అభిమానికీ ఆ పాఠమే చెబుతున్నది.

హక్కు చేసే వాదం

అభిమానుల చర్చలో మరొక పాయ ఉంది. 2015లో కుదిరిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది నుంచి కొత్త భాగాలు ముందు హెచ్‌బీఓ చందాదారులకు, తొమ్మిది నెలల తరువాత ఉచిత ప్రసార సంస్థ పీబీఎస్‌లో వచ్చాయి. పేద పిల్లల కోసం పుట్టినది వారికే ఆలస్యంగా అందడం తగదన్న అభ్యంతరం అప్పుడు వినిపించింది. ఒప్పందం లేకుంటే కార్యక్రమం మనుగడే కష్టమన్న సమాధానమూ బలమైనదే. 2025 మే నెలలో ప్రకటించిన నెట్‌ఫ్లిక్స్ ఒప్పందం కొత్త భాగాలు పీబీఎస్‌లో కూడా అదే రోజు రావడానికి వీలు కల్పించింది. అయితే అదే ఏడాది జూలైలో అమెరికా కాంగ్రెసు ప్రజాప్రసారాలకు కేటాయించిన నిధులను రద్దుచేసింది. ఈ వాదంలో అభిమాని తన బాల్యాన్ని తిరిగి అడగడం లేదు. తాను ఒకప్పుడు లోపలికి వచ్చిన తలుపును మరొకరి కోసం తెరిచి ఉంచమంటున్నాడు. ఈ రెండు పాయలను కలిపి చూడడం వల్లనే అభిమానుల చర్చను వట్టి గతకాల వ్యామోహంగా కొట్టివేయడం జరుగుతున్నది.

ముగింపు

1947లో ప్రారంభమైన 'చందమామ' విషయంలో తెలుగువారికి ఈ సమస్య పరిచితమే. ప్రచురణ ఆగిన పత్రిక పాత సంచికలను భద్రపరచినవారు ఎదిగిన పాఠకులే. ఆ కృషి సాహిత్య చరిత్రకు మేలు చేసింది. నేటి తెలుగు పిల్లవాడు ఏం చదవాలన్న ప్రశ్నకు మాత్రం ఆ సంచికలు వాటంతటవే సమాధానం కావు. బాలల కృతి భవిష్యత్తుపై పెద్దల మాటకు విలువ తప్పక ఉంది. అది ఎంత అన్నది, ఇంకా మాట్లాడలేని ప్రేక్షకుడికి ఆ మాట ఎంత చోటు విడిచిపెడుతుందన్న దానిపై ఆధారపడుతుంది.