ఆగుట తెలిసిన తరువాత

విశ్రాంతి ప్రాణులకు బలమొసగును గాని యంత్రములకు ఒసగదు. నిత్యము రాళ్లబాటల మీద తిరిగిన మోటారుబండికంటె, టార్పాలిన్ కప్పుకొని నీడపట్టున ఏండ్లతరబడి కదలక మెదలక నిలిచిన బండికే చేటు అధికమను సత్యము, పుంగనూరులో మా మేనమామగారి కొట్టమున వేరుసెనగ బస్తాల వెనుక మఱుగుపడియున్న అంబాసిడరును మరల రోడ్డెక్కింపవలెనని సంకల్పించిన పిదపనే నాకు సంపూర్ణముగా అవగతమైనది. పరుగులో మండిపోవలసిన పెట్రోలు నిలువయుండి తుమ్మబంకవలె గట్టిపడును; సాగవలసిన రబ్బరు బీటలు వాఱును; కదలవలసిన పిస్టను రింగులు సిలిండరు గోడలను పట్టుకొని వదలవు; బ్యాటరీ పలకలమీద సల్ఫేటు పేరుకొనును. వీనికి తోడు ఎలుకలు. మా బండి సీటుక్రింద ఎన్ని తరముల ఎలుకలు పుట్టి పెరిగి సంసారములు చేసినవో చెప్పజాలను గాని, వైర్లమీది తొడుగును మాత్రము అవి మిక్కిలి శ్రద్ధతో ఒలిచిపెట్టినవి.

అది 1980ల నాటి మార్క్ 4 బండి. పైరేకు ఆశ్చర్యకరముగా చెడలేదు. క్షయరోగులకు హితమని తలచి 20వ శతాబ్దపు తొలినాళ్లలో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున శానిటోరియము నెలకొల్పిన నాటి వైద్యులు ఏ పొడిగాలిని మెచ్చుకొనిరో, ఆ గాలియే ఇనుమును కూడ కాపాడినది. ఇదే బండి సముద్రతీరమున నిలిచియున్నచో తలుపుల అడుగులు ఎన్నడో రాలిపోయెడివి.

కొట్టమునుండి దానిని వెలికిదీయు విషయమున ఊరివారి సలహా మిగుల సరళమైనది: ట్రాక్టరుకు త్రాడుగట్టి మదనపల్లె దాక లాగుట. అంబాసిడర్ల కాలమున పనినేర్చి మారుతీల కాలమున తల నెరసిన మా మేస్త్రి ఆ మాట విని, బోనెట్టు తెఱచి చూచుటకైనను పూనుకొనక, చక్రముల చెంత గొంతుకూర్చుండి, "స్టార్టు చేసేదానికేముంది సార్, ఎవురైనా చేస్తారు. ముందు నిలబడేది సూడల్ల" అనెను. త్రాటితో లాగబడు బండికి బ్రేకు లేనిచో, ట్రాక్టరు ఆగిన చోట అది ఆగదు. నేనో, తాళపుచెవి త్రిప్పిన క్షణమున ఇంజను గర్జించు దృశ్యమునే ఊహించుకొనుచుంటిని. పాత బండ్లను గుఱించి మాటలాడు వారందఱకును ఆ గర్జనమీదనే మోజు. సినిమాలలో చూపునదియు అదియే. కాని పని తెలిసినవాడు ఆరంభించు తావు వేఱు.

బండి నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. హ్యాండ్ బ్రేకు లాగి నిలిపిన పాపమునకు వెనుక షూలు రెండును డ్రమ్ములకు అంటుకొనిపోయి, సుత్తిదెబ్బలకుగాని ఊడి రాలేదు. డ్రమ్ము తీసినంతనే అసలు రోగము బయటపడినది. బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను త్రాగు గుణము కలదు. మూత ఎంత బిగించినను, రబ్బరు గొట్టముల సూక్ష్మరంధ్రముల గుండ ఏటేట కొంత తేమ లోనికి చేరుచునే యుండును. అట్లు చేరిన నీరు రెండు విధముల అపకారి. ఒకటి, వీల్ సిలిండరు లోపల తుప్పు పుట్టించి పిస్టనును బిగియబట్టును. రెండవది ఇంకను మోసకరమైనది: ఆయిలు మరుగు ఉష్ణమును తగ్గించుటచే, ఘాటు దిగునప్పుడు డ్రమ్ముల వేడికి అది గొట్టములోనే ఆవిరియై, అంతవఱకు రాయివలె గట్టిగానున్న పెడలు కాలిక్రింద నేలదాక దిగిపోవును. హార్స్‌లీ కొండ చెంతనుండు మదనపల్లెలో ఇట్టి విషయము గ్రంథపాండిత్యము కానేరదు.

కావున మాస్టరు సిలిండరు, వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టములు, ఉక్కు పైపులు సమస్తమును విప్పబడినవి. షెడ్డులోని కుఱ్ఱవాడొకడు సిలిండరును పెట్రోలుతో కడుగబోగా మేస్త్రి చేయిపట్టి ఆపి, పెట్రోలు తగిలిన రబ్బరు వాషరు ఉబ్బి చెడునని గట్టిగా మందలించి, బ్రేకు ఆయిలుతోనే కడిగించెను. పిమ్మట గాలి తీయుట. మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరమున నుండు ఎడమ వెనుక చక్రముతో మొదలిడి, ఒక్కొక్క చక్రమునకు వచ్చుచు, అతడు క్రింద నిప్పిలు వదులుచేయుచుండ నేను పైన పెడలు త్రొక్కవలెను. "నొక్కండి సార్... పట్టుకోండి... ఇంక వదలండి" అను మూడుమాటలే ఆ పూటంతయు మా సంభాషణము. బుడగలు నిలిచి ఆయిలు తీగగా సాగి, పెడలు సగములోనే ఎదురు నిలిచిన క్షణమున నేను పొందిన తృప్తి తరువాత ఇంజను మ్రోగిననాడు సహితము కలుగలేదు.

ఇంజను పని దానితో పోల్చిన సులభము, కావలసినది ఓర్పు. 1489 సి.సి. గల ఈ నాలుగు సిలిండర్ల ఇంజను ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు వంశమునకు చెందినది; అన్ని పనిముట్లు లేకున్నను విప్పుటకు వీలైనది. ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో కొంచెము ఇంజనాయిలు పోసి, కొన్నినాళ్లు దాని జోలికి పోక విడిచి, అటుపై హ్యాండిలు పెట్టి చేతితో మెల్లగా త్రిప్పవలెను. తొందరపడి స్టార్టరుతో త్రిప్పినచో బిగిసిన రింగు విఱిగి గోడను గీయును. ఆయిలు మార్చి, ప్లగ్గులు లేకుండగనే త్రిప్పి పైభాగములకు ఆయిలెక్కించి, డిస్ట్రిబ్యూటరు పాయింట్ల తుప్పును గీచి, అంగుళములో వేయింట పదునైదు వంతుల సందు ఉంచి, 1-3-4-2 వరుస తప్పకుండ వైర్లు తగిలించినప్పుడుగాని తాళపుచెవికి పనిలేదు. తాళపుచెవి పని చెప్పుటకేమున్నది, మ్రోగినది.

పెట్రోలు సంగతి వేఱు. బండి నిద్రించిన కాలమున బయట ఇంధనమే మారిపోయినది. సీసము కలిపిన పెట్రోలు మన దేశమున 2000 ఫిబ్రవరితో అంతరించెను. ఆ సీసము ఎగ్జాస్టు వాల్వు సీట్లను అరుగకుండ కాపాడుచుండెను గనుక, ఇట్టి పాత ఇంజనులకు టాపెట్ల సందును తఱచుగా చూచుకొనుచుండవలెను. 2025 నాటికి బంకులలో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు దేశమంతట వ్యాపించినది. ఇథనాలునకు సైతము నీటిని పీల్చు స్వభావమున్నది, పాత రబ్బరును మెత్తబఱచు శక్తియు నున్నది. టాంకు కడిగించి, పెట్రోలు గొట్టములను, పంపులోని డయాఫ్రమును ఇథనాలునకు తట్టుకొను రకముతో మార్పించితిమి. చెఱకురైతు మేలు కోరి తెచ్చిన మార్పును నిందింపను. కాని వారములకొలది నిలుపు బండిలో అట్టి పెట్రోలు నింపియుంచుట నాకు సమ్మతము కాదు.

సామానుకు బెంగుళూరు జె.సి. రోడ్డు. అచట దొరకనిది చెన్నై పుదుప్పేటలో దొరకునందురు గాని నాకు అంతదూరము పోవలసిన అగత్యము కలుగలేదు. ఉత్తరపారాలోని కర్మాగారమున అంబాసిడరు తయారి 2014లో నిలిచినది. ఆ పేరును 2017లో ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనినది. పేరు సముద్రములు దాటినను వాషర్లు, గొట్టములు, లైనర్లు మాత్రము జె.సి. రోడ్డు వీడిపోలేదు.

ఇక కాగితములు. 1988 నాటి చట్టము ననుసరించి సొంతబండి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిమ్మట బ్రేక్ ఇన్స్పెక్టరు చూచి తగునన్నచో 5 ఏండ్లకొకమాఱు పొడిగింతురు. 600 రూపాయలుగా నున్న ఆ పొడిగింపు రుసుము 2022లో కారుకు 5,000 అయ్యెను. 20 ఏండ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేసిరి. 50 ఏండ్లు నిండిన బండ్లకు 2021 నిబంధనలు వింటేజి గౌరవమును, నంబరులో వి.ఎ. అను అక్షరములను ప్రసాదించినవి. కాని ఆ గౌరవము పొందిన బండి ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప సామాన్యముగా రోడ్డుమీద తిరుగరాదు. మా బండికి అంత వయస్సు రాలేదు. వచ్చిననాడును, ఆ గౌరవముకంటె సంతకు పోయి టమోటాలు తెచ్చు స్వాతంత్ర్యమే నాకు ప్రియము.

మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరు, వి.కోటల మీదుగా కుప్పము చేరి కృష్ణగిరికి సాగు 42వ నంబరు జాతీయ రహదారి పరీక్షకు అనువైనది. తొలి దూరప్రయాణము దానిమీదనే. పుంగనూరున మేనమామగారు బండి చుట్టును ఒకమాఱు తిరిగి, "మంచిదిరా, కొట్టం కాళీ అయింది, ఇంగ రెండు లోళ్లు కాయ పడతాది" అని తన లెక్క తాను చూచుకొనిరి. ఆగిన చోటనెల్ల చక్రముల చెంత చేయిపెట్టి చూడుమని మేస్త్రి ఆజ్ఞ. నాలుగును సమముగా వెచ్చనుండవలెను. ఒకటి చల్లగానున్న అది పట్టుటలేదు, ఒకటి కాలుచున్న అది వదలుటలేదు. వి.కోటలో వెనుక కుడిచక్రము కాలెను. చింతచెట్టు నీడన జాకీవేసి అడ్జస్టరును కొంచెము వదులుచేసి సాగితిని.

కుప్పములో టీ అంగడి చెంత బండి నిలుపగనే, ఒక పెద్దాయన నంబరు పలక చూచి, "393 కాదే" అని నవ్వెను. 1989 నుండి ఆ ఊరికి శాసనసభలో ప్రతినిధియైన చంద్రబాబు నాయుడుగారు 1990లలో తిరిగిన అంబాసిడరు నంబరది. హైదరాబాదులో నిలిచియున్న ఆ బండి 2025లో మంగళగిరిలోని ఆయన పార్టీ కార్యాలయమునకు చేరినది. 1982లో ఎన్.టి. రామారావుగారు ఊరూర తిరిగిన షెవ్రొలె వ్యాను, చైతన్యరథము, అట్లే భద్రపఱుపబడినది. రాజకీయముల మాట అటుంచి, అవి చరిత్రకెక్కిన బండ్లు, నిలిచియుండుటయే వాని పదవి. మాది అట్టిది కాదు, దీనికి నడుచుట తప్ప వేఱు యోగ్యత లేదు.

తిరుగుప్రయాణమున పలమనేరు దాటినంతనే వాన పట్టుకొనెను. నీరు నిలిచిన పల్లము దాటిన పిదప పెడలు త్రొక్కినను బండి వెంటనే ఆగలేదు. ఫోను చేయగా మేస్త్రి, "డ్రమ్ములు తడిసుంటాయి సార్, కాలు మెల్లంగా ఒత్తి పెట్టుకోని నిదానంగా రాండి, వేడికి ఆరిపోతాయి" అనెను. అట్లే వచ్చితిని. పుంగనూరు చేరులోపల బ్రేకులు మరల పట్టినవి. ఎడమ వైపరు మాత్రము ఎంతకును కదలలేదు. దానికై జె.సి. రోడ్డుకు మరల పోవలసియున్నది.