రసీదు ఒకచోట, జవాబు ఇంకోచోట

2022 జనవరి 26న కొత్త జిల్లాల ముసాయిదా వచ్చింది. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా కలెక్టరుకు రాసివ్వాలని ప్రభుత్వం చెప్పింది. అనంతపురం జిల్లా దక్షిణాన రెండు ఊళ్లు ఒకేసారి రోడ్డెక్కాయి. హిందూపురం జిల్లా కేంద్రం కావాలంది. ధర్మవరం ఉన్న రెవెన్యూ డివిజన్‌ను ఎత్తేయొద్దంది. ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా మొదలయ్యేనాటికి ధర్మవరం డివిజన్ నిలిచింది. హిందూపురానికి మాత్రం కేంద్రమూ రాలేదు, డివిజనూ రాలేదు. గడువు ఒకటే, అర్జీలు పుచ్చుకున్న కార్యాలయమూ ఒకటే. ఒకరి మాట చెల్లింది, ఇంకొకరిది చెల్లలేదు.

కాగితం మీద చూస్తే హిందూపురం వాదనే గట్టిది. లోక్‌సభ స్థానానికి ఒక జిల్లా అన్నది ప్రభుత్వం తానే పెట్టుకున్న సూత్రం. ఈ కొత్త జిల్లాకు ఆధారమైన లోక్‌సభ స్థానం పేరే హిందూపురం. 2011 జనాభా లెక్కలకే లక్షన్నర మంది ఉన్న ఊరు, కొత్త జిల్లాలో అన్నిటికన్నా పెద్దది. ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ ఫిబ్రవరి 4న మౌనదీక్షకు కూర్చున్నారు, అవసరమైతే రాజీనామా చేస్తానన్నారు. టీవీలవాళ్లంతా అక్కడే ఉన్నారు. కానీ ఆ కోరిక నెరవేరాలంటే పుట్టపర్తికి ఇచ్చిన జిల్లా కేంద్రాన్ని లాక్కోవాలి. జిల్లాకు సత్యసాయి పేరు పెట్టాక కేంద్రాన్ని ఇంకోచోటికి మార్చడం ఏ ప్రభుత్వానికైనా ఇబ్బందే. పైగా అడుగుతున్నది ప్రతిపక్ష ఎమ్మెల్యే.

ధర్మవరం అడిగింది చిన్నది. ఉన్న ఆఫీసును ఉండనివ్వమంది. పుట్టపర్తికి కొత్త డివిజన్ ఇస్తూనే ధర్మవరాన్నీ ఉంచవచ్చు, ఎవరి వాటా తగ్గదు. అక్కడా పలు పార్టీలవాళ్లు దీక్షలకు దిగారు, పట్టుచీరల ఊరు కొన్నాళ్లు మగ్గం కన్నా రోడ్డు మీదే ఎక్కువ కనిపించింది. అయినా నా దృష్టిలో వాళ్లను గెలిపించింది ఆందోళన ఒక్కటే కాదు, కోరిక కొలత కూడా. ఇది నా ఊహే అనుకోండి. ఎందుకంటే అధికారికంగా కారణం ఎక్కడా రాసి లేదు. తుది గెజెట్‌లో మండలాల పేర్లుంటాయి, హద్దులుంటాయి. ఏ అభ్యంతరాన్ని ఎందుకు ఒప్పుకున్నారో, దేన్ని ఎందుకు తోసేశారో ఉండదు. గెలిచిన ఊరికీ ఓడిన ఊరికీ దక్కని కాగితం అదే.

ఈ మొత్తం వ్యవహారంలో ఇంకో ఊరు పెనుకొండ. డివిజన్ కోసం దానికి అడగాల్సిన అవసరం లేదు. విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తరువాత వచ్చి తలదాచుకున్న ఊరు, ఆర్డీవో ఆఫీసు ఉన్న ఊరు. హిందూపురం రైతు భూమి తగాదా పెద్దదైతే నలభై కిలోమీటర్ల దూరాన పెనుకొండకే పోవాలి. లక్షన్నర జనం ఉన్న ఊరు తనకన్నా చాలా చిన్న ఊరికి అర్జీ పట్టుకుని వెళ్లడం హిందూపురంవాళ్లకు ఎన్నేళ్లయినా మింగుడు పడలేదు.

మరి శాసనసభ ఎక్కడుంది? ఇందులో ఎక్కడా లేదు. జిల్లాలను ఏర్పరిచే, విడగొట్టే అధికారాన్ని 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రభుత్వం చేతిలో పెట్టింది. ముసాయిదా ఇవ్వాలి, అభ్యంతరాలు పరిశీలించాలి, నోటిఫై చేయాలి. సభలో ఓటు అక్కర్లేదు. సభకు పిటిషన్ల కమిటీ ఉంది, ఒక సభ్యుడి చేతిమీదుగా పౌరుడు తన విన్నపాన్ని సభ ముందుంచే దారీ ఉంది. కానీ మన ఊళ్లలో ఎమ్మెల్యే ఇంటి ముందు వరండాకు ఉన్న గిరాకీ ఆ కమిటీకి లేదు. ఎన్టీఆర్ 1985, 1989, 1994 ఎన్నికల్లో హిందూపురం నుంచి గెలిచారు. ముఖ్యమంత్రే ఎమ్మెల్యే అయిన ఊరికి కమిటీలతో పనేముంటుంది? ఇప్పుడు పెనుకొండ ఎమ్మెల్యే సవిత, ధర్మవరం ఎమ్మెల్యే సత్యకుమార్ యాదవ్ ఇద్దరూ మంత్రులు. మంత్రి చేతికి ఇచ్చిన వినతిపత్రం ప్రభుత్వానికి చేరుతుంది, ప్రభుత్వాన్ని ప్రశ్నించాల్సిన సభకు చేరదు. ఈ అలవాటు పాతదే. సదాశివరాయల కాలంలో కొండోజు అనే క్షురకుడు అళియ రామరాయలను మెప్పించి తన వృత్తివాళ్ల మీద పన్నులన్నీ రద్దు చేయించాడని శాసనాలు చెబుతున్నాయి. కొండోజుకు రామరాయల గడ్డం అందుబాటులో ఉంది. అందరికీ ఉండదుగా.

దీని పక్కన 1852 నాటి ఇంకో అర్జీని పెట్టి చూడాలి. అప్పటికి అనంతపురం జిల్లా పుట్టలేదు, ధర్మవరం, పెనుకొండ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. మద్రాసులో గాజుల లక్ష్మీనరసు చెట్టి అనే తెలుగు వ్యాపారి, ‘క్రెసెంట్’ పత్రిక పెట్టినవాడు, మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను కూడగట్టి బ్రిటిష్ పార్లమెంటుకు మహజరు పంపించాడు. శిస్తు భారం, ఉప్పు మీద పన్ను, కోర్టుల జాప్యం, రోడ్లూ చెరువులూ పట్టించుకోకపోవడం, చదువుకు ఖర్చు పెట్టకపోవడం. పన్ను ఎంత గుంజుతున్నారు, బదులుగా ఏం చేస్తున్నారు అన్న లెక్క అది. నేటి వినతిపత్రాల్లో నాకు తక్కువగా కనిపించేది ఈ లెక్కే. మనవాళ్లు సేవ అడిగినప్పుడు ఫీజు మాట ఎత్తరు, ఫీజు తగ్గించమన్నప్పుడు సేవ మాట ఎత్తరు.

లక్ష్మీనరసు చెట్టి అదను కూడా చూశాడు. కంపెనీ చార్టర్ గడువు తీరబోతోంది, దాన్ని పొడిగించాల్సింది పార్లమెంటే. అంటే ఫిర్యాదు చేరిన చోటుకి, ఫిర్యాదుకు గురైనవాణ్ణి లొంగదీసే పట్టు ఉంది. కొత్త చార్టర్ చట్టం అసోసియేషన్ అడిగినవి తీర్చలేదు నిజమే. కానీ డాన్బీ సేమూర్ అనే సభ్యుడు మద్రాసుకు వచ్చి, ఊళ్లు తిరిగి, రైతుల దగ్గర శిస్తు వసూలుకు చిత్రహింసలు పెడుతున్నారన్న సంగతి 1854లో కామన్స్ సభలో లేవదీశాడు. విచారణ సంఘం వేయక తప్పలేదు. దాని 1855 నివేదిక ప్రకారం 1,959 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో 519 మనుషులు స్వయంగా వచ్చి చెప్పుకున్నవి, మిగిలిన 1,440 ఉత్తరాలు. రైలు లేని రోజుల్లో వందల మైళ్లు నడిచి వచ్చినవాళ్లున్నారు. వేళ్లను కిట్టిలో పెట్టి నొక్కడం, మెడను కాళ్లకు కట్టి వంచడం, ఇవన్నీ అచ్చులోకెక్కాయి. రెండేళ్ల తరువాత కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో రాసింది ఆ నివేదికను ముందుపెట్టుకునే. కంపెనీ మంచితనం వల్ల జరిగింది కాదు ఇది. ఒక సభలో అడిగిన ప్రశ్నకు ఎవరో ఒకరు కాగితం మీద జవాబు చెప్పుకోవలసి వచ్చింది, అంతే. ఆ పార్లమెంటే నేడు తన దేశవాసుల పిటిషన్‌కు పదివేల సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబిచ్చే పద్ధతి పెట్టుకుంది. లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు.

ఇంత పట్టు మనకు ఎక్కడుందని వెతికితే విచిత్రంగా కరెంటు బిల్లు దగ్గర దొరుకుతుంది. 1998 విద్యుత్ సంస్కరణల చట్టంతో రేట్లు నిర్ణయించే పని ప్రభుత్వం చేతి నుంచి విద్యుత్ నియంత్రణ మండలికి పోయింది. 2000లో రేట్లు పెరిగినప్పుడు జనం ఆ మార్పును లెక్కచేయలేదు. ఆగస్టు 28న ‘చలో అసెంబ్లీ’ అన్నారు. బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురి ప్రాణాలు పోయాయి. రేటు వేసింది మండలి, అడగబోయింది సభను. జనం పొరబడ్డారని కొందరు అప్పట్లో అన్నారు. నేను అననుపో. రాయితీ డబ్బు బడ్జెట్‌లో కేటాయించేది సభే, అది ఎంతిస్తే బిల్లు అంత తగ్గుతుంది. జనం సరైన ఇంటికే బయలుదేరారు. ఆ ఇల్లు తలుపు తెరవలేదు.

మండలి మాత్రం ఒక పని చేస్తుంది. ఏటా ఇచ్చే టారిఫ్ ఉత్తర్వులో వినియోగదారుడి అభ్యంతరం, దానికి డిస్కం సమాధానం, ఆపైన మండలి అభిప్రాయం ఒకదాని కింద ఒకటి అచ్చవుతాయి. ధర్మవరంలో మరమగ్గం నడిపేవాడు రాసినా, హిందూపురం పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ యజమాని రాసినా పద్ధతి అదే. సాహిత్యం కాదు గానీ, ప్రభుత్వ కాగితాల్లో నేను ఓపికగా చదవగలిగే సంభాషణ ఇదొక్కటే. ఇలా రాయడానికి కారణం ఉంది. మండలి ఉత్తర్వు మీద ఢిల్లీలోని అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు పోవచ్చు. పైవాడు చదువుతాడన్న భయం ఉంటే కిందివాడు కారణాలు రాస్తాడు.

2021 ఆగస్టులో మండలి ట్రూ అప్ (పాత ఖర్చుల సర్దుబాటు) పేరుతో 3,669 కోట్ల రూపాయల వసూలుకు అనుమతించింది. ప్రజలకు సరిగా బహిరంగ నోటీసు ఇవ్వలేదన్న లోపం బయటపడింది. ఉత్తర్వును వెనక్కి తీసుకుని, మళ్లీ విచారణ జరపాల్సి వచ్చింది. 2022లో కొంత తగ్గించి మళ్లీ వేశారు కాబట్టి జేబుకు పెద్ద ఊరటేమీ కాదు. అయినా అడక్కుండా వేసినందుకు వేల కోట్ల ఉత్తర్వు ఆగింది. మౌనదీక్షలూ బంద్‌లూ చేయలేని పని ఇది.

సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్సు పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. మీకోసం, స్పందన, జగనన్నకు చెబుదాం, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. బోర్డు మారుతూ వచ్చింది. రసీదు ఇస్తారు, ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఆ అర్జీ మాత్రం తిరిగి తిరిగి, ఎవరి మీద ఫిర్యాదో ఆ ఆఫీసుకే చేరుతుంది, చాలాసార్లు ‘పరిష్కరించబడింది’ అన్న ముద్ర పడేదీ అక్కడే. దానికన్నా సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు నయం. మండల ఆఫీసులో ఐదు రూపాయలే, పంచాయతీలో అదీ అక్కర్లేదు. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా ఏదో ఒకటి చెప్పి తీరాలి, చెప్పకపోతే పై అధికారి ఉన్నాడు, ఆపైన కమిషన్ ఉంది.

2025లో మళ్లీ జిల్లాల సరిహద్దులు చూడడానికి మంత్రుల బృందం వేశారు. అందులో ధర్మవరం ఎమ్మెల్యే సత్యకుమార్ యాదవ్ కూడా సభ్యుడు. అడిగే బల్ల ముందు ఒకప్పుడు నిలబడ్డ ఊరి ప్రతినిధి ఈసారి వినే బల్ల వెనక కూర్చున్నారన్నమాట. ఏడాది చివర్లో ఇదే జిల్లాలో మడకశిరకు రెవెన్యూ డివిజన్ వచ్చింది. కొత్త డివిజన్ల జాబితాలో హిందూపురం లేదు. ఎందుకు లేదని అడిగే దరఖాస్తుకు పది రూపాయల ఫీజు చాలు. ఈసారి ఊరంతా కలిసి ఒకటే రాస్తే, జవాబు రాకపోతే దాన్ని ఎమ్మెల్యే చేత సభలోని పిటిషన్ల కమిటీ ముందు పెట్టిస్తే, బాలకృష్ణ మాట్లాడక్కర్లేకుండానే ఎవరో ఒకరు మాట్లాడాల్సి వస్తుంది.