రీస్టార్ట్ కొట్టే ముందు

"అన్నా, సైటు ఓపెన్ అయితలేదు. రీస్టార్ట్ గూడ కొట్టినం." ఇందులో రెండో మాటకే నాకు గుబులు. అది ఇంటర్ ఫలితాల రోజైతే మరీను. మా పాలమూరు దివిటిపల్లిలో 2023లో ఐటీ టవర్ వచ్చినా, జిల్లాలోని చిన్న కాలేజీల సైట్లు చూసుకునే నాలాంటివాళ్లకు ఇలాంటి ఫోన్లు తప్పవు.

సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైల్‌ని లేచేటప్పుడు చదువుకుంటుంది. మళ్లీ చెప్తే తప్ప దాని జోలికి పోదు. సోమవారం ఎవరో ఒక సెమీకోలన్ మరిచిపోయినా పాత లెక్కతోనే హాయిగా నడుస్తుంటుంది. శుక్రవారం కరెంటు పోయొస్తే ఇక లేవదు. "నిన్న ఏం మార్చిన్రు?" అంటే "ఏం మార్చలే" అంటారు. పాపం, నిజమే చెప్తారు.

ఎన్జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కి రీలోడ్ చెప్తే కొత్త ఫైల్‌ని ముందు పరీక్షించుకుంటుంది. తప్పుంటే పాతదాంతోనే సాగుతుంది. అదే రీస్టార్ట్ అయితే నడిచేది కాస్తా ఆగిపోతుంది. అందుకే ముందు 'ఎన్జిన్‌ఎక్స్ మైనస్ టీ' అనే కమాండ్ కొట్టాలి. తప్పు ఏ ఫైల్లో, ఏ లైన్లో ఉందో చెప్తుంది. ఆ లైన్ బాగానే కనిపిస్తే పై లైన్ చూడండి. సెమీకోలన్ తరచూ పోయేది అక్కడే.

మా పాలమూరులో బోరు పోయకుంటే మెకానిక్ వస్తూనే పైపులు పీకడు, స్టార్టర్ డబ్బా తెరిచి ఫ్యూజు చూస్తాడు. సైటు దగ్గరా అంతే, ముందు ఏ ఎర్రర్ వస్తుందో చూడాలి. 502 అని వస్తే ఎన్జిన్‌ఎక్స్ బతికే ఉన్నట్టు, వెనక పీహెచ్‌పీ పలకట్లేదన్నమాట. కనెక్షనే తిరస్కరిస్తే ముందున్న ఎన్జిన్‌ఎక్సే పడిపోయి ఉండొచ్చు. ఎర్రర్ లాగ్ చివరి పది లైన్లు చదివితే చాలాసార్లు కథంతా అక్కడే ఉంటుంది.

పెద్ద కంపెనీలకూ ఇలాంటి తిప్పలు తప్పలేదు. 2021 అక్టోబర్ 4 రాత్రి మనకు వాట్సాప్ ఆగింది గుర్తుందా? దాని యజమాని ఫేస్‌బుక్‌లో మామూలు మెయింటెనెన్స్ సమయంలో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల నెట్‌వర్క్ వెన్నెముకనే తెంపింది. అలాంటివి ఆపాల్సిన తనిఖీ సాధనంలోనే లోపముంది. ఆరు గంటలు పట్టింది. సరిచేయాల్సిన పనిముట్లు కూడా అదే నెట్‌వర్క్ మీద ఉన్నాయి మరి!

ఫైల్ ముట్టే ముందు కాపీ తీసుకోమని మా కుర్రాళ్లకు చెప్తుంటాను. తీస్తారు, కానీ సైట్స్ ఎనేబుల్డ్ ఫోల్డర్‌లోనే పెడతారు. ఉబుంటులో ఎన్జిన్‌ఎక్స్ ఆ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ చదువుతుంది, ఫైల్ పేరు చివర 'బ్యాక్' అని ఉన్నా వదలదు. ఒకే సైటు రెండుసార్లు కనిపించేసరికి గొడవ మొదలు. కాపీ ఆ ఫోల్డర్ బయట పెట్టండి నాయనా.